ఏరు పట్టుకుని దిగినవాళ్లం

కిందటి నెలలో మోకాళ్లు చూపించుకుందామని గిద్దలూరికి బయలుదేరి, కొమరోలు బస్టాండు దగ్గర టీ అంగడి బల్ల మీద కూర్చున్నాను. బస్సు ఆలస్యం. ఇదివరకైతే విసుక్కునేదాన్ని. ఇప్పుడు కూర్చోవడానికి ఇంత చోటు దొరికితే బస్సు ఎప్పుడొచ్చినా ఒకటే అనిపిస్తుంది.

అంతలో ఒక లారీ వచ్చి రోడ్డు పక్కన ఆగింది. దాని మీద వరికోత మిషను కట్టి ఉంది. దిగువ సీమలో కోతలు ముగించుకుని ఇంకో పక్కకు పోతున్నట్టుంది. డ్రైవరు టీ తాగడానికి దిగాడు. మిషను చక్రాలకు నల్లటి బురద ఎండి అట్టలు కట్టి ఉంది. అందులో గడ్డిపోచలు ఇరుక్కుని ఉన్నాయి. ఎందుకో లేచిపోయి ఒక పెళ్ల ఊడదీసి చేతిలో నలిపాను. కుళ్లిన గడ్డి, ఉప్పు, పీతలు, నిలవనీరు కలిసిన వాసన లేచింది. మా నేలకు ఆ వాసన లేదు. మా మన్ను కాలిన పెంకులాంటిది. వాన పడిన గడియ కమ్మగా ఉండి మళ్లీ ఊరుకుంటుంది.

ఏంది పెద్దమ్మా అట్ల చూస్తాండావు అని డ్రైవరు అడిగాడు. ఏం లేదు నాయనా అని వచ్చి కూర్చున్నాను. చేయి కడుక్కోలేదు. చిన్నప్పుడు లంగా ఎగ్గట్టుకుని కోసిన చేలో నడిచినప్పుడు వరి మొదళ్లు అరికాళ్లలో గుచ్చుకున్న నొప్పి, ఇన్నేళ్ల తర్వాత, ఆ బల్ల మీద కూర్చుని ఉండగానే తెలిసింది.

మా ఊరు కొండల పాదాన ఉంటుంది. ఎటు చూసినా కొండే. పిల్లలం గొర్రెల వెంట ఎంత దూరం పోయినా దారి తప్పేవాళ్లం కాదు. ఫలానా గుండు కుడిచేతికి రావాలి, ఫలానా కనుమ వీపు వెనక ఉండాలి అనుకుంటూ ఇల్లు చేరేవాళ్లం. ఊరి పక్కన ఒక వంక. వాన పడిన రోజు ఎర్రగా ఉరికి, మర్నాటికి ఇసుక మిగిల్చిపోయేది. ఆ ఇసుకలో చెలమ తోడి, చిప్పతో నీళ్లు ముంచి బిందె నింపడం ఆడపిల్లల పని. ప్రార్థన మందిరంలో నేర్పిన పాటలన్నీ నేను ఆ చెలమ దగ్గరే కంఠతా పట్టాను. అంత తీరిక ఉండేది, అంత నిదానంగా ఊరేవి నీళ్లు.

నాయన బావులు తవ్వేవాడు. గడ్డపార, సమ్మెట భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్లకు పోయేవాడు. మా నేలలో మూరెడు మన్ను దాటితే బండ. నెలల తరబడి కొట్టినా నీళ్లు పడిన బావులు తక్కువ. నీళ్లు పడనినాడు ఆ రైతు ముఖం చూడలేక, రావలసింది కూడా గట్టిగా అడగకుండా వచ్చేసేవాడు. నీళ్లు తన దగ్గరే దాక్కున్నట్టు తప్పు తన మీద వేసుకునేవాడు.

నేను చెప్పే ఆ ఏడాది వానలు లేవు. సజ్జలు వేసినవి వేసినట్టే మాడిపోయాయి. బావి తవ్వించే ఆశ కూడా ఎవరికీ మిగల్లేదు. చలికాలం పోతుండగా మేస్త్రి వచ్చాడు. ఏటా మా పల్లె నుంచి మనుషులను పోగేసి నెల్లూరు దిగువన పెన్న కాలవల కింద వరికోతలకు తీసుకుపోయేవాడు. కూలి వడ్ల రూపంలో ఇస్తారు. ఆ వడ్లు తెచ్చుకుంటే ఎండాకాలం గడుస్తుంది. అంతకుముందు నాయన ఎప్పుడూ పోలేదు, బావుల పని ఉండేది గనక. ఆ ఏడు నాయన, అమ్మ, నేను, చంకలో తమ్ముడు బయలుదేరాం. అవ్వను, అంటే నాయన తల్లిని, ఇంట్లో వదిలిపోవాలనుకున్నారు.

అవ్వ ఒప్పుకోలేదు. "ఈడ నాకు బిందెడు నీళ్లు ఎవురు తెచ్చిస్తారు? నేనూ వస్తా. కోయలేకుంటే రాలిన పరిగె ఏరుకుంటా" అంది.

అవ్వ చిన్న మనిషి. పళ్లు లేవు. చేతి మీద పచ్చబొట్టు ముడతల్లో కలిసిపోయి ఏ బొమ్మో తెలిసేది కాదు. కాని నడక మాత్రం మా అందరికంటే ముందు. లారీలో మూటల మధ్య నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, తాను పెళ్లయిన కొత్తలో ఆ దేశానికి కోతలకు పోయిన సంగతి చెప్పింది. అప్పుడు లారీల్లేవు, ఉన్నా ఎక్కేవాళ్లు లేరు. ఏరే దారి. మన వంక సగిలేట్లో కలుస్తుంది, సగిలేరు పోయి పెన్నలో పడుతుంది, పెన్న కొండల మధ్య సందు చేసుకుని దిగువకు దిగుతుంది, ఆ సందులోంచే మేమూ దిగినాం అని వేలితో గాలిలో గీసి చూపించింది. పొద్దున చల్లపొద్దు నడక, మధ్యాహ్నం ఏటి ఒడ్డున గంజి, రాత్రి ఇసుకలో పడక. ఏరు ఎండి ఉన్నా ఇసుక చేత్తో తోడితే చాలు, దారి పొడుగునా తాగడానికి నీళ్లు దొరికేవట.

తర్వాత నేను బడిపంతులమ్మనయ్యాక, నాలుగో తరగతి పిల్లలకు నది పాఠం ఏటా చెప్పాను. కొండల్లో పుట్టి, మైదానంలో పారి, సముద్రం దగ్గర ఒండ్రు పరిచి డెల్టా కడుతుందని బోర్డు మీద గీసేదాన్ని. ఆ గీత గీసే ప్రతిసారీ నా చేయి అవ్వ వేలు గీసినట్టే వంపు తిరిగేది.

కొండలు లారీ వెనక కొంతసేపు కనిపించి, పలచబడి, పొగలా అయి, లేకుండా పోయాయి. గుండో, కనుమో కనిపిస్తుందేమోనని మెడ తిప్పి చూశాను. చుట్టూ ఆకాశం నేల దాకా దిగి ఉంది. ఎక్కడా ఎత్తు లేదు. పండిన వరి, కాలవ కట్టలు, తాటిచెట్లు, మళ్లీ పండిన వరి. ఒక చేను చూస్తే అన్ని చేలూ చూసినట్టే. గాలికి కూడా తడి ఉంది. పెదవి నాకితే ఉప్పగా తగిలింది.

కాలవ చివరి ఊరది. అక్కడి నుంచి సముద్రం ఎంతో దూరం లేదన్నారు గాని కనిపించేది కాదు. కోతల రైతు కాలవ గట్టు పక్కన చోటు చూపించాడు. తాటాకులతో గుడిసెలు వేసుకున్నాం. మొదటి రోజు పిల్లలం కాలవలో దిగి సాయంత్రం దాకా బయటికి రాలేదు. ఒళ్లంతా మునిగే నీళ్లు మేం ఎప్పుడూ చూసినవాళ్లం కాదు. అమ్మ గట్టు మీద నిలబడి పిలిచి పిలిచి, చివరికి తానే దిగింది. మెడలోతు నీళ్లలో నిలబడి కళ్లు మూసుకుంది. అమ్మ అంత నిమ్మళంగా ఉండగా అంతకుముందు చూడలేదు.

తాగే నీళ్లకు మాత్రం అక్కడా కష్టమే. బావి నీళ్లు ఉప్పు. కాలవ నీళ్లు చెరువులో నింపుకుని, అవే తాగాలి. బురదగా ఉండేవి. అమ్మ కుండలో చిల్లగింజ అరగదీసి తేటపడనిచ్చి పోసేది. ఆ ఏడు కాలవ ఆలస్యంగా వదిలారని, కరువొచ్చిందని అక్కడివాళ్లు చెప్పుకునేవారు. నాయన, మేస్త్రి ఆ మాట విని ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు.

మూడు పూటలా వరన్నం. మా ఇంట్లో అది పండగ కూడు. మిగతా రోజుల్లో జొన్న సంగటి, గోగాకు నూరిన ఊరిమిండి పచ్చడి. మొదట్లో నేను తింటూనే ఉండేదాన్ని. అవ్వకు మాత్రం సహించలేదు. గాలి తిన్నట్టుంది, కడుపులో నిలవదు అనేది. సంగటి ముద్ద ఒకటి దొరికితే బాగుండునని కంచం ముందు కూర్చుని గొణిగేది. కొత్త బియ్యం వల్ల మధ్య మధ్య కడుపునొప్పి కూడా వచ్చేది ఆమెకు. ఎవరికీ చెప్పేది కాదు.

సముద్రపు పక్క నుంచి చేపలమ్మే ఆడవాళ్లు గంపల్లో ఎండుచేపలు తెచ్చి, కళ్లం దగ్గర వడ్లకు మారకం ఇచ్చేవాళ్లు. ఒకరోజు మా గుంపు పిల్లలం గంప వెనక చేరి ఒక చేప లాగేశాం. గడ్డివామి వెనక మంట వేసి కాల్చుకున్నాం. ఆ వాసన ఊరంతా పాకిందన్న తెలివి మాకు లేదు. అవ్వ వచ్చి నిలబడింది. కొడుతుందనుకున్నాం. పక్కన కూర్చుని, ముల్లు లేని చోటు తనకు పెట్టమంది. తిన్నాక, నన్ను వెంటబెట్టుకుని పోయి ఆ చేపలామెకు తన పరిగె వడ్లు దోసెడు పోసింది. ఎందుకో మాత్రం ఆమెకు చెప్పలేదు.

ఆ పరిగె దగ్గరే గొడవ వచ్చింది. కోసిన చేలో రాలిన వెన్నులు ఏరుకోవడం అక్కడి పల్లెలో ముసలివాళ్ల హక్కు. అది మా అవ్వకు తెలియదు. పనలు ఎత్తిన చేలోకి బుట్ట పట్టుకుని దిగింది. ఎదుటి గట్టు నుంచి ఇంకో ముసలామె వచ్చి బుట్ట పట్టుకుంది. పొడుగ్గా, తాటిమట్టలా ఉండేది. కాలవకట్ట మీద ఒంటరిగా కాపురం. మొగుడు పోయి చాలా కాలమైంది. ఆమె కూడా మాలాగే మందిరానికి పోయే మనిషే. మేం ఆమెను కట్టమీది అవ్వ అనేవాళ్లం.

"ఎవురు మే నువ్వు? కొండల కాడి నుంచి వచ్చి మా పరిగె ఎట్టా ఏరతావు?" అంది ఆమె.

అవ్వ బుట్ట వదల్లేదు. "ఈ కాలవలో పారేది మా కొండ నీళ్లు. మా నీళ్లకు పండిన గింజ నాలుగు ఏరుకుంటే నీదేం పోయింది?"

"నీళ్లు మీయైతే నీళ్లు ఏరుకోని పో. గింజలు మాయి."

చుట్టూ ఉన్న కూలోళ్లంతా పడీపడీ నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. పళ్లు లేని నోటితో ఆమె నవ్వితే ఎదుటివాళ్లు కోపం నిలుపుకోలేరు. కాని ఆరోజు కట్టమీది అవ్వ నవ్వలేదు. బుట్ట లాక్కుని, వెన్నులు తన ఒళ్లోకి దులుపుకుని, ఖాళీ బుట్ట తిరిగిచ్చి పోయింది.

మర్నాడు అవ్వ మళ్లీ పోయింది. ఏరలేదు. గట్టు మీద కూర్చుని ఆకువక్క నూరుకుంటూ చూస్తూ ఉంది. ఆ మర్నాడూ అంతే. మూడోనాడు కట్టమీది అవ్వే వచ్చి పక్కన కూర్చుని ఆకు అడిగిందట. ఆ తర్వాత ఇద్దరూ కలిసే ఏరారు. గట్టుకు ఈ పక్క నీది, ఆ పక్క నాది అని పంచుకున్నారు. మధ్యాహ్నం తాటిచెట్టు నీడలో కూర్చుని ఒకరి మాట ఒకరు వెక్కిరించుకునేవాళ్లు. ఆమె అట్టా అంటే మా అవ్వ, అవ్వ అట్ల అంటే ఆమె. మీ ఊళ్లో నీళ్లు తోడటానికి చిప్పా అని ఆమె నమ్మేది కాదు. మీ ఊళ్లో ఒక్క రాయి కూడా లేదే, కుక్క మీదికొస్తే ఏం వేస్తారు అని ఈమె అడిగేది. ఈస్టరు ఆదివారం కట్టమీది అవ్వ మమ్మల్ని వాళ్ల మందిరానికి తీసుకుపోయింది. పాటలు మావే, రాగం వేరు. అవ్వ మా రాగంలోనే గట్టిగా పాడింది. అందరూ వెనక్కి తిరిగి చూశారు.

ఆ వారంలోనే అవ్వకు కాక తగిలి జ్వరం వచ్చింది. కడుపు ఆగలేదు. ముందు రెండు రోజులు పరిగెకు పోతూనే ఉంది. మూడోనాడు లేవలేకపోయింది. నేను పక్కన కూర్చుని తడిగుడ్డ వేస్తున్నాను. మధ్యాహ్నానికి తూర్పున మబ్బు కమ్మింది. కోతలకు అదే చావు. కోసిన పనలు చేలల్లో పరిచి ఉన్నాయి. అవి తడిస్తే మొలకలొస్తాయి. రైతు గింజతో పాటు మా కూలి గింజా పోతుంది. గుంపు మొత్తం చేలల్లోకి ఉరికింది. ఊళ్లో ఉన్న బండ్లన్నీ కళ్లానికి మోపులు తోలుతున్నాయి.

అవ్వ మాట తడబడుతోంది. అమ్మ చెయ్యి పట్టి చూసి, పోయి మీ నాయనను పిలుచుకురా, బండి అడగమను, పెద్ద ఊరి ఆసుపత్రికి తీసుకుపోవాలి అని నన్ను పంపింది.

నేను పరిగెత్తాను. ఒక గట్టు, ఇంకో గట్టు. ఎటు చూసినా వంగిన వీపులే, మోపుల కింద నడుస్తున్న కాళ్లే. ఎవరి ముఖమూ కనపడదు. ఏ చేలో నాయన ఉన్నాడో తెలియలేదు. మా ఊళ్లో అయితే కొండ చూసి దిక్కు చెప్పగలను. ఇక్కడ తల ఎత్తితే మబ్బు, దించితే మొదళ్లు. చాలాసేపు ఒకే కాలవ చుట్టూ తిరిగానని తర్వాత తెలిసింది. చివరికి తలగుడ్డ రంగు చూసి నాయనను గుర్తుపట్టాను. ఆయన నా మాట వింటూనే మోపు దించి పరిగెత్తాడు.

గుడిసెలోకి పోయి అవ్వ దగ్గర కూర్చున్నాడు. మమ్మల్ని బయట ఉండమన్నాడు. కొంతసేపటికి బయటికొచ్చాడు. తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుని, మళ్లీ చుట్టుకున్నాడు. బండి అడగడానికి రైతు ఇంటి వైపు పోతాడని అమ్మ చూస్తోంది. ఆయన చేలోకే పోయాడు. అమ్మ ఆయన వెనకాల అట్లాగే చూస్తూ నిలబడింది.

పొద్దు మునిగే వేళకు వాన దిగింది. అప్పటికి పనలన్నీ కుప్పకెక్కాయి. కుప్ప మీద గడ్డి కప్పాక, రైతు తనే నాయనతో బండి కట్టుకోమన్నాడట. కాని దారి బురదై ఎద్దులు కదల్లేదు. తెల్లవారేసరికి అవ్వ లేదు.

ఊరికి తీసుకుపోదామని నాయన అన్నాడు. తాత పక్కన పండబెట్టాలన్నాడు. మేస్త్రి తలవంచుకున్నాడు. ఆ ఎండలకు, ఆ దూరానికి, అది అయ్యే పని కాదని అందరికీ తెలుసు. నాయనకూ తెలుసు. పల్లె పెద్దలు తమ సమాధుల దొడ్డిలో చోటిస్తామన్నారు. పల్లె వాళ్లు పారలు పట్టుకుంటే నాయన వద్దన్నాడు. మన్ను తవ్వేది నా పని, నేనే తవ్వుతా అన్నాడు.

ఆ దొడ్డి కాలవకు దగ్గర. మన్ను వెన్నలా తెగుతోంది. నాయన చేతికి అలవాటైన బలం అక్కడ అక్కర్లేదు. పార ఊరికే దిగిపోతోంది. మోకాటి లోతు తవ్వేసరికి అడుగు తడిసింది. ఇంకో పార వేసేసరికి నీళ్లు ఊరాయి. నాయన బొక్కెన తెప్పించి తోడటం మొదలుపెట్టాడు. తోడిన కొద్దీ ఊరుతున్నాయి. పక్కలు జారి లోపల పడుతున్నాయి. చుట్టూ నిలబడినవాళ్లు ఇంక చాలు అంటున్నా వినలేదు. చొక్కా అంతా బురద. చాలాసేపటికి ఆగి, బొక్కెన పక్కన పెట్టి, ఆ నీళ్లలోనే నిలబడ్డాడు.

"ఒక్క బావిలో పడుంటే చాలు ఈ నీళ్లు" అన్నాడు. ఎవరితోనూ కాదు.

అప్పుడు కట్టమీది అవ్వ ముందుకొచ్చి గట్టు మీద కూర్చుంది. "ఎంత తోడినా ఊరతానే ఉంటాది నాయనా. ఇది అట్టాంటి నేల. పైకి రా. దిబ్బ మీద మా ఆయన పక్కన నాకని చోటు పెట్టుకోనుండా. మీ అమ్మను ఆడ పండబెట్టుకోండి."

అమ్మ అడిగింది, మరి నీకు అని.

"దిబ్బ పెద్దదే. నేనింకో పక్కకు జరుగుతా" అంది ఆమె.

దిబ్బ అంటే సముద్రపు ఒడ్డున ఇసుక మేట. దాని మీద సరుగుడు చెట్లు, అక్కడక్కడ తాటిచెట్లు. ఆ దేశంలో ఎత్తు అనేది అదొక్కటే. అవ్వను మంచం మీద మోసుకుని చేలగట్ల మీదుగా పోయాం. వాన వెలిసి ఎండ కాస్తోంది. కట్టమీది అవ్వ ముందు నడిచింది. ఎక్కడ జారుతుందో, ఎక్కడ కాలు వేయాలో వెనక్కి తిరిగి చెబుతూ పోయింది. దిబ్బ ఎక్కాక గాలి కొట్టింది. తల ఎత్తాను. సముద్రం. అప్పుడే మొదటిసారి చూడటం. వెనక్కి తిరిగి పడమరకు చూశాను. పచ్చగా, పసుపుగా చేలు, వాటి మధ్య మెరుస్తున్న కాలవలు. కొండలు మాత్రం లేవు.

ఇసుక పొడిగా ఉంది. తవ్వడం తొందరగానే అయింది. మందిరం అయ్యగారు చేసిన ప్రార్థన అలల హోరులో సగం వినపడలేదు. తలాపున ఏదో ఒకటి నిలబెడదామంటే అక్కడ రాయి దొరకదు గదా. నాయన తాటిమట్ట ఒకటి పాతాడు.

అవ్వ ఏరిన పరిగె వడ్లు ఒక చిన్న మూటలో ఉన్నాయి. అమ్మ ఆ మూట తీసుకుపోయి కట్టమీది అవ్వ ముందు పెట్టింది. ఆమె వద్దనలేదు. చేటలో పోసి, రెండు కుప్పలు చేసి, ఒక కుప్ప మాకు తిరిగిచ్చింది. గట్టుకు ఆ పక్క మీ అత్తది గదా అంది.

కోతలు ముగిసేదాకా ఉండి, వడ్ల బస్తాలతో ఇంటికొచ్చాం. కొండలు మొదట లీలగా కనిపించినప్పుడు లారీలో అందరూ లేచి నిలబడ్డారు. నాయన లేవలేదు. ఆ ఎండాకాలం మేం ఆకలి ఎరగం. కాని ఇంట్లో మాట తగ్గిపోయింది. అమ్మ నాయనకు కూడు పెట్టేది, బట్టలు ఉతికేది, పిలిస్తే పలికేది. ఆ మధ్యాహ్నం ఆయన బండి అడగకుండా చేలోకి పోయిన సంగతి మాత్రం ఒక్కనాడు ఎత్తలేదు. ఎత్తి పోట్లాడుంటే ఇద్దరికీ తేలిక అయ్యేదేమో. ఏళ్ల తరబడి ఆ మాట మా ఇంట్లో ఒక మూల కూర్చునే ఉంది.

ఆ తర్వాత చాలా ఏళ్లు మా పల్లె వాళ్లు దిగువకు పోయివచ్చారు. నాయన పోయిన ప్రతిసారీ దిబ్బ ఎక్కి వచ్చేవాడు. నేను హాస్టల్లో చేరి చదువుకున్నాను. ఉద్యోగం వచ్చింది. మా వైపు బోర్లు వచ్చి బావులు తవ్వేవాళ్లకు పని పోయింది. అక్కడ మిషన్లు వచ్చి కోసేవాళ్లకు పని పోయింది. మేస్త్రి పోయాడు. ఇప్పుడు మా పల్లె పిల్లలు హైదరాబాదు, బెంగళూరు పోయి కట్టడాల పని చేస్తున్నారు. పెన్న కింద మనం వరి కోశాం అని చెప్తే, ఎందుకు అని అడుగుతారు. ఎందుకో చెప్పాలంటే చాలా చెప్పాలి. చెప్పే ఓపిక నాకు తగ్గింది, వినే తీరిక వాళ్లకు లేదు.

అమ్మ పోయిన మరుసటేడు, నాయన నన్ను ఒక కోరిక కోరాడు. ఒకసారి దిబ్బకు పోయివద్దామన్నాడు. అప్పటికే ఆయనకు చూపు మందగించింది. బస్సులు మారి, ఆటో మాట్లాడుకుని పోయాం. ఆ ఊరు గుర్తుపట్టలేకపోయాం. కాలవ ఉంది, కట్ట మీద గుడిసె లేదు. చేలున్న చోట రొయ్యల గుంటలు. నీళ్లలో చక్రాలు తిరుగుతూ నురగ చిమ్ముతున్నాయి. దిబ్బ కోసం వెతికాం. ఇసుక తోలుకుపోయి ఆ చోటంతా చదును చేసి, అక్కడా గుంటలు తవ్వారు. సముద్రం మాత్రం నేరుగా కనిపిస్తోంది, మధ్యలో అడ్డం లేదు గనక. గుంటల దగ్గర కాపలా ఉన్న కుర్రవాణ్ణి అడిగాను. అతను వచ్చి ఆరేడు నెలలేనట, దిబ్బ సంగతి వినలేదన్నాడు. కుర్చీ తెచ్చి నాయనను కూర్చోబెట్టి మంచినీళ్ల సీసా ఇచ్చాడు.

నాయన నీళ్లు తాగి, కాసేపు గుంటల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఏ చోట ఏముందో ఆయనకు కనబడుతోందో లేదో నాకు తెలియదు. పోదాం పా అన్నాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన నన్ను కూర్చోమని, తాను ఇవతల కూర్చున్నాడు. ఊరు దాటాక, నేనేమీ అడగకుండానే చెప్పాడు.

"బండి అడగొద్దనింది మీ అవ్వ. వాన ముంచుకొస్తాంది, అందరి కూలి గింజలూ ఆ చేలల్లోనే ఉండాయి, నా కోసరం బండి ఆపితే వీళ్లంతా ఏం తిని బతుకుతారు, నాకేం కాలే, పో అనింది. పోయినా."

ఆయన వైపు తిరిగి అడిగాను.

"అమ్మకెందుకు చెప్పలేదు నాయనా?"

"ఆమె అడగలే" అన్నాడు.

బస్సు పడమరకు తిరిగింది. ఎండ ముఖాన కొడుతుంటే తువ్వాలు కిటికీకి అడ్డం కట్టాను. నాయన తల మెల్లగా నా భుజం మీదికి వాలింది. బరువు లేదు, పిల్లవాడి తలలా ఉంది. చాలా దూరం పోయాక, తువ్వాలు సందులోంచి కొండలు కనిపించాయి. లేపి చూపిద్దామనుకున్నాను. ఎన్నేళ్ల నిద్రో అది. లేపలేదు.